పాట ఎవరి సొత్తు? - స్వరలిపి చరిత్రపై కొన్ని ఆలోచనలు

బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపించినప్పుడు వేల ఏళ్ళనాటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. ఎముకను మట్టి దాచిపెట్టింది. కానీ అదే నేల మీద నాపరాళ్ళు తీసిన కూలీలు నిన్నమొన్నటి వరకూ పాడుకున్న పాటల వరసలు ఎక్కడున్నాయి? వాటిని రాసిపెట్టాలన్న ఆలోచన ఎవరికి కలిగింది?

మా పెదనాయనకు కలిగింది. ఆయన పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పద్యాల వరసలు, గనుల్లో విన్న పాటలు, తాను కట్టిన బాణీలు సరిగమల్లో నాలుగు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. ఒకదాన్ని చెదలు తినేశాయి. మిగిలిన మూడింటినీ కంప్యూటర్లో ఎక్కించమని నా చేతికిచ్చి ఒకటే అడిగాడు: "ఆ మిషన్లో నా పాట ఎన్నాళ్ళుంటాది నాయనా?"

ఈ ప్రశ్నకు చరిత్రలోనే జవాబు వెతకాలి. మన సీమకే చెందిన తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. మాట నిలిచింది, రాగం పేరు నిలిచింది. వరస మాత్రం పోయింది. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారి వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాటలకు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. దేవస్థానం అండ, రాగిరేకు బలం ఉన్న పాటకే ఈ గతి పడితే, రాయి కొట్టేవాడి పాట సంగతి చెప్పనక్కరలేదు.

1890ల్లో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు మన కృతులను పాశ్చాత్యుల అయిదు గీతల లిపిలో అచ్చువేశాడు. ఆయన ప్రోద్బలంతోనే సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని సిద్ధం చేశారు. 1904లో ఎట్టయపురంలో, తమిళదేశం నడిబొడ్డున, అది తెలుగు లిపిలో అచ్చయింది. గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు కల్పించుకోవలసి వచ్చింది. అంత పని ఒక జమీందారు ఆదరణ వల్లే సాధ్యమయింది. ఏ పాట లిపికెక్కాలో ఆనాడు నిర్ణయించింది ఆస్థానమూ అచ్చుయంత్రమూ కలిగినవారే అని గుర్తించాలి.

నేడు ఆ స్థానంలోకి సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. 1988లో వెలువడిన ఫినాలే అనే స్వరలిపి ప్రోగ్రాంను దాని యజమాని మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టులో నిలిపివేసింది. ఏడాది గడిస్తే కొత్త కంప్యూటర్లలో అది పనిచేయడానికి అనుమతి దొరకదని మొదట ప్రకటించి, వాడుకరులు నిరసించాక వెనక్కి తగ్గింది. పాట కట్టినవాడి పాట తెరుచుకోవాలంటే ఇంకొకరి అనుమతి కావాలా? తెలుగు రచయితలకు ఈ బాధ కొత్తది కాదు. యూనికోడ్‌కు మారకముందు ఒక ఫాంటులో టైపు చేయించిన నా వ్యాసాలు ఈనాడు నాకే చదవరావు.

ఇక్కడ ఉచితమూ స్వేచ్ఛా ఒకటి కావని స్పష్టం చేసుకోవాలి. డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చిందల్లా స్వేచ్ఛ కాదు. లోపలి రాత అందరూ చూడగలిగి, మార్చగలిగి, పంచుకోగలిగితేనే అది ప్రజల సొత్తు. ఆ లక్షణమున్న స్వరలిపి ప్రోగ్రాములు రెండింటిని పరిశీలించాను. 1996లో ఇద్దరు హాలెండు దేశస్థులు మొదలుపెట్టిన లిలీపాండ్‌లో పాటను మామూలు అక్షరాల్లో రాస్తాం. ఆ ఫైలును ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. ఆదేశాలు నేర్చుకోవడం కష్టం. 2002లో జర్మనీకి చెందిన వెర్నర్ ష్వేర్ ప్రారంభించిన మ్యూజ్‌స్కోర్‌లో గీతల మీద నేరుగా స్వరాలు పెట్టవచ్చు, కింద తెలుగులో సాహిత్యం రాయవచ్చు. అదే పేరున్న వెబ్‌సైటు సభ్యత్వానికి డబ్బు అడుగుతుంది. ప్రోగ్రాంకు ఆ అవసరం లేదు.

మ్యూజ్‌స్కోర్‌లో ఒక మిశ్రచాపు పాట ఎక్కించాను. మూడూ నాలుగూ కలిపి ఏడు దెబ్బలు. మిషన్ వాయించగానే పెదనాయన చేయి ఆగింది. "ఆడ ఒక దెబ్బ మింగినావు" అన్నాడు. పుస్తకం చూస్తే నిజమే, నేనొక కామాను వదిలేశాను. హార్మోనియం మెట్ల మీద కట్టిన బాణీ గీతల్లో చక్కగానే ఇమిడింది. కూలీపాటలో గొంతు జారే చోట మాత్రం గీతలు చాలలేదు. పన్నెండు మెట్లకు పుట్టిన లిపి ఆ జారుడును రెండు స్వరాలుగా నరికేస్తుంది. నరికినదాన్నే పాట అని నమ్మితే అది మరో రకం ధ్వంసం.

అందుకని నా నిర్ణయం ఇది: రాయడానికి మ్యూజ్‌స్కోర్; దాని నుంచి తీసిన మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్ ప్రతి, ఇతర ప్రోగ్రాములూ చదవగలిగేలా; యూనికోడ్ తెలుగులో సరిగమలు; నోటుపుస్తకం పుటల ఫోటోలు; పెదనాయన గొంతు రికార్డింగు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ పాట కాదు. అయిదూ కలిస్తే రేపు పాడబోయేవాడికి దారి దొరుకుతుంది.

రాయి తీసేవాడు పొర చూసి ఉలి పెడతాడు. పొర చూడకుండా కొడితే బండ ముక్కలవుతుంది. సాహిత్య విద్యార్థులు జానపద గేయాల మాటలు మాత్రమే సేకరించి వరసను వదిలేసే అలవాటు ఇకనైనా మానాలి. రాగిరేకులు చేసిన పొరపాటు మనం చేయనక్కరలేదు.

పెదనాయనకు నేనిచ్చిన జవాబు ఇంతే: "మిషన్లో ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. కానీ తాళంచెవి ఎవరి జేబులోనూ ఉండదు."