స్కౌట్ మాస్టర్

స్కౌట్ దళాన్ని నడిపే పెద్ద. జీతం లేని స్వచ్ఛంద బాధ్యత ఇది. మన దగ్గర ఎక్కువగా బడి ఉపాధ్యాయులే దీన్ని చేపడతారు. బాలికల దళాన్ని నడిపే మహిళను గైడ్ కెప్టెన్ అంటారు.

స్కౌట్ ఉద్యమ చరిత్రతో మదనపల్లె ప్రాంతానికి చుట్టరికం ఉంది. 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పిన అనిబిసెంటే, ఉద్యమ వ్యవస్థాపకుడు బేడెన్ పవెల్ సంస్థలో భారతీయ బాలలకు చోటు దక్కని ఆ రోజుల్లో మద్రాసు కేంద్రంగా భారతీయ స్కౌట్ సంఘాన్ని ప్రారంభించారు. 1921లో బేడెన్ పవెల్ భారత పర్యటన సందర్భంగా అది ఆయన సంస్థలో కలిసింది. ఆ తొలినాటి స్కౌట్ కార్యకర్తల్లో ఒకరైన ఎఫ్. గోర్డన్ పియర్స్ 1950లలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు సంఘాలు ఏకమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది.

దళంలో ఆరుగురి నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పెట్రోల్. దాని నాయకుడూ పిల్లవాడే. మాస్టర్ పని పెత్తనం చేయడం కాదు, నేర్పి పక్కకు తప్పుకోవడం. ఉదాహరణకు రీఫ్ ముడి: కుడి కొసను ఎడమ కొసపై వేసి మెలిపెట్టాలి, తర్వాత ఎడమ కొసను కుడి కొసపై వేయాలి. రెండోసారి కూడా కుడి కొసనే పైన వేస్తే ముడి జారిపోతుంది. మాస్టర్ ఒకసారి చూపించి తాడు పిల్లల చేతికి ఇస్తారు; గాయానికి కట్టు కట్టేటప్పుడు అదే ముడి పనికొస్తుంది.

మాస్టర్లకూ శిక్షణ ఉంటుంది. బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు దాటినవారు హిమాలయ వుడ్ బ్యాడ్జ్‌కు వెళ్తారు. దాన్ని సాధించినవారు తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలను మెడలో ధరిస్తారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది.