జెర్రిపోతు: పేరు చేసిన పొరపాటు

తెలుగులో 'పోతు' అంటే మగది. దున్నపోతు, మేకపోతు అన్న మాటలలో ఆ అర్థం స్పష్టం. జెర్రిపోతు అన్న పేరులోనూ అదే వినిపించడంవల్ల కాబోలు, ఆ జాతిలో ఆడవి లేవనీ, నాగుపాముకు అదే జోడనీ పల్లెలలో నమ్మకం స్థిరపడింది.

విశాఖపట్టణంలో నివసించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమితుడైనాడు. విషసర్పాలను నిరపాయకరమైనవాటి నుండి వేరుచేయడం ఆయన ప్రధానాశయం. కోరమండల్ తీరపు పాములపై 1796లో లండనులో వెలువడిన ఆయన గ్రంథంలో అనేక సర్పాలు తెలుగు పేర్లతోనే కనిపిస్తాయి. నేటి రక్తపింజర అందులో 'కాటుక రేకుల పొడ'. అయితే ఆయన పేర్లతో తృప్తిపడలేదు. పొట్టమీద, తోకక్రింద పొలుసులు లెక్కించాడు, కోరలు పరీక్షించాడు.

ఆ పద్ధతే నేటికీ ఆధారం. నాగుపాము పై పెదవిలోని మూడవ పొలుసు ఒకవైపు కంటినీ, మరొకవైపు ముక్కుపొలుసునూ తాకుతుంది. జెర్రిపోతుకు అలా ఉండదు. కంటికీ ముక్కుకూ నడుమ వేరే పొలుసులుంటాయి. పెదవి పొలుసుల అంచులు నల్లన; నడుమువద్ద వరుసలు సాధారణంగా 17. పడగ మాత్రం నమ్మదగిన గుర్తు కాదు, నాగుపాము దానిని ఎల్లవేళలా విప్పదు.

ఇక జోడు మాట. పెనవేసుకొని నిటారుగా లేచే రెండు పాములను చూసి జనం సయ్యాట అనుకొంటారు. నిజానికవి సాధారణంగా బలాబలాలు తేల్చుకొంటున్న రెండు మగ జెర్రిపోతులు. బంధనంలో పెంచినప్పుడు సందేహానికి తావే లేదు: ఆడ జెర్రిపోతు తన జాతి మగదానితోనే కలిసి గుడ్లు పెడుతుంది, సుమారు రెండు నెలలకు వాటినుండి జెర్రిపోతు పిల్లలే వెలువడతాయి.

నాగుపాముకు బంధువన్న భయంతో రైతులు చంపినవి కొన్నయితే, తోలుకోసం చచ్చినవి అసంఖ్యాకం. ఎలుకలను తిని పైరును కాచే ఈ పాము తోలు విదేశాలకు విరివిగా ఎగుమతి అయింది. 1976లో భారత ప్రభుత్వం పాముతోళ్ళ ఎగుమతిని నిషేధించింది. జీవనోపాధి కోల్పోయిన ఇరుళులకు 1978లో తమిళనాడులో విషసేకరణ సహకార సంఘం ఏర్పడింది. విషం లేని జెర్రిపోతుకు అందులో పనిలేకపోయింది. 1990లో అది అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధంలో చేరింది. అప్పటినుండి గుర్తింపు భారం రేవులలోని కస్టమ్సు అధికారులపై కూడ పడింది. వారి చేతికి వచ్చే తోలుకు తల ఉండదు. జాతిని పొలుసుల వరుసలను బట్టి పోల్చవచ్చు. అది అడవిలో పట్టినదో, పెంపకంలో పుట్టినదో తెలియాలంటే మాత్రం వెంటవచ్చే కాగితాలనే నమ్మవలసి ఉంటుంది.