బొంతలు – దూదేకుల వారు – మన స్త్రీల స్నేహాలు

 

చరిత్ర అనగానే మనకు కోటలు, నవాబులు, ఫర్మానాలు గుర్తుకొస్తాయి. జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి పని దేశమంతా తెలుసు. కాని పుట్టగానే మనల్ని పడుకోబెట్టిన బొంత గురించి, దాన్ని కుట్టిన చేతుల గురించి మనం రాసుకున్నది బహు తక్కువ. ఈసారి సావనీరులో ఆ సంగతి రాయాలని మాకు తోచింది.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాయే. పత్తి పండే నేల ఇది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వచ్చాక పత్తి నూలుగా, బట్టగా మారింది. అయితే ఇంటి పరుపుకు, రజాయికి కావలసిన దూదిని మాత్రం ఊళ్లో దూదేకుల వారే ఏకేవారు.

బొంత వేరు, రజాయి వేరు. బొంతలో దూది ఉండదు. పాత చీరలు, ధోవతులు నాలుగైదు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు వరుస కుట్లు వేస్తారు. రజాయిలో దూది నింపుతారు. మనిషెత్తు విల్లుకు నరంతో చేసిన తంతి బిగించి, దాన్ని దూదిలో ఆనించి, కొయ్య గూటంతో కొడుతుంటే గడ్డకట్టిన దూది పింజలు పింజలుగా విడిపోతుంది. ఆ దూదిని గుడ్డలో సమంగా పరిచి, బెత్తంతో తట్టి, కదలకుండా దూరదూరంగా కుట్లు వేస్తారు. ఏకడం మగవారి పని, కుట్టడం ఆడవారి పని. చలికాలానికి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో విల్లు చప్పుడు వినని వాడ ఉండేది కాదు. ఆ దుమ్ము పీల్చి పీల్చి ఎందరికో దగ్గు, ఆయాసం పట్టుకునేది. మన మెత్తని నిద్ర వెనుక ఉన్న ఆ బాధను కూడా మరువరాదు.

మా చిన్నతనంలో ఎండాకాలం మధ్యాహ్నాలు మా వాకిట్లో వేపచెట్టు కింద బొంతలు కుట్టేవారు. నలుగురు నాలుగు మూలల కూర్చునేవారు. మా అమ్మీ, దూదేకుల పెద్దమ్మ, పద్మశాలి వదినె, తండా నుంచి వచ్చే లంబాడీ అక్క. పెద్దమ్మ మొదటి కుట్టు వేసి "బిస్మిల్లా" అనేది. లంబాడీ అక్క తెచ్చిన రంగురంగుల ముక్కలు అంచుకు పడేవి. ఎవరింట్లో కాన్పు ఉంటే ముందు ఆ ఇంటి బొంత. పసిబిడ్డ ఒంటికి గుచ్చుకోకుండా అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరే పైపొరగా వేసేవారు. కూలి అంటూ ఉండేది కాదు. ఈ రోజు నీ ఇంట్లో, రేపు నా ఇంట్లో, అంతే లెక్క.

ఆ కూర్పులో కుట్టిన దానికన్నా మాట్లాడుకున్నదే ఎక్కువ. అత్తింటి ఆరళ్లు, పిల్లల చదువులు, అప్పులు అన్నీ అక్కడే బయటపడేవి. రంజాన్ నెలలో అమ్మీ, పెద్దమ్మ రోజా ఉంటే, మిగతా ఇద్దరూ వాళ్ల ముందు మంచినీళ్లు కూడా తాగకపోయేది. బతుకమ్మ రోజుల్లో సూదులు పక్కనపెట్టి అందరూ కలిసి తంగేడు పూలు ఏరేవారు. పీర్ల పండుగకు ఊరంతా ఎలా ఒక్కటయ్యేదో పెద్దలకు మేము చెప్పనక్కర లేదు.

ఇక మనసుకు కష్టంగా ఉన్నా చెప్పవలసిన మాట ఒకటుంది. మేము బడిలో ఉర్దూ చెప్పుకుని బతికేవాళ్లం, ఆ జబాన్ మీద మాకు ప్రాణం. అయితే ఆ ఉర్దూ గర్వమే దూదేకుల వారిని మనకు దూరం చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడతారని వారిని మనవాళ్లు కారన్నాం. ‘పింజారీ’ అనే పని పేరును తిట్టుగా వాడాం. ఒక పెళ్లిలో పెండ్లికూతురు రజాయి కుట్టిన పెద్దమ్మను దస్తర్‌ఖాన్ దగ్గరికి పిలవలేదు, విడిగా కూర్చోబెట్టారు. అమ్మీ చూసింది. తన పళ్లెం తీసుకుపోయి పెద్దమ్మ పక్కనే కూర్చుంది. ఎవరో ఏదో అనబోతే, "ఆ రజాయి కప్పుకునేటప్పుడు ఆమె ఏ జబాన్‌ల కుట్టిందో అడుగుతరా?" అన్నది. అందరూ తలలు దించుకున్నారు. మేమూ దించుకున్నాం, ఎందుకంటే ఆ మాట అనే ధైర్యం మాకు రాలేదు.

నిజానికి ఈ వృత్తికి దీన్‌లోనూ చరిత్రలోనూ పెద్ద స్థానమే ఉంది. ప్రళయదినాన పర్వతాలు ఏకిన ఉన్నిలా అవుతాయని ఖురాన్ 101వ సూరా చెబుతుంది. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరులోని ‘హల్లాజ్’ అంటే దూది ఏకేవాడనే అర్థం. ఆయన పేరు మీదే ఉత్తరాదిన ఈ వృత్తివారు మన్సూరీలని పిలిపించుకుంటారు. మన దగ్గర 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లు ‘బి’ గ్రూపులో చేరాయి. కాగితం మీద హక్కు వచ్చింది. పక్కన చోటు ఇవ్వవలసింది మాత్రం మనమే.

ఇప్పుడు విల్లు చప్పుడు వినరాదు. దూది ఏకే మిషన్లు వచ్చాయి, ఫోమ్ పరుపులు వచ్చాయి. భూపాలపల్లి గనుల కాలనీల్లోనైనా, మహబూబాబాద్ బజారులోనైనా పరుపు కొనడమే గాని కుట్టించడం తగ్గిపోయింది. పాలిస్టర్ చీరలతో కుట్టిన బొంత చెమట పీల్చదు. వాకిట్లో నలుగురు కూర్చునే తీరిక కూడా పోయింది. అమ్మీ లేదు, పెద్దమ్మా లేదు. వాళ్లు కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో సందూకులో ఉంది. కుట్టు చూసి ఏ మూల ఎవరిదో ఇప్పటికీ చెప్పగలం. పెద్దమ్మవి చిన్న కుట్లు, అమ్మీవి వంకర కుట్లు.

ఇతరులు దీన్ని ఇలా వదిలేయలేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు పాత గుడ్డలతో కుట్టే కవంది బొంతలు నేడు దూరదేశాలకు కూడా పరిచయమే. అమెరికాలో అలబామా రాష్ట్రంలో 1966లో నల్లజాతి స్త్రీలు బొంతలు కుట్టే సహకార సంఘం పెట్టుకుని నాలుగు డబ్బులు, నలుగురిలో గౌరవం సంపాదించుకున్నారు.

కాబట్టి సొసైటీకి మా విన్నపం ఇది. మూడు జిల్లాల్లోనూ బొంతలు కుట్టిన వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. వారి దగ్గరికి వెళ్లి వారి మాటలు రాసి పెట్టండి. చలికాలంలో పేదలకు పంచే దుప్పట్లలో కొన్నింటి బదులు వారి చేత బొంతలు కుట్టించి కూలి ఇవ్వండి. వచ్చే సంవత్సరం మన సమావేశానికి దూదేకుల కుటుంబాలను పేరుపేరునా పిలిచి ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుందాం.

నూలు గట్టిగా వడికి, తిరిగి తానే విప్పేసుకున్న స్త్రీలా కావద్దని ఖురాన్ 16వ సూరా హెచ్చరిస్తుంది. మన తల్లులు కుట్టి ఇచ్చిన దాన్ని మనం విప్పకుండా ఉండే బుద్ధి అల్లాహ్ మనకు ఇచ్చుగాక. ఆమీన్.