ఇన్‌ఫ్లూయెంజా వెనుక నిద్రజాడ్యము

సైదాబాదు నేడు మహానగరమున కలిసిపోయిన పేట. 1918లో అది మలక్‌పేటకు ఆవల, నగరపు తూర్పు అంచున నుండెను. ఆ యేడు బొంబాయి రేవున దిగి, రైళ్ల వెంట దేశమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లూయెంజా శరదృతువున మరల విజృంభించి నిజాము రాజ్యమును ఊడ్చివేసెను. 1911లో 1,33,74,676గా నున్న రాజ్య జనసంఖ్య 1921 నాటికి 1,24,71,770కి తగ్గెను. క్షామమును, ప్లేగును తోడైనను, ప్రధాన కారణము ఈ జ్వరమే.

అంటురోగులకై 1915లో ఎర్రన్నగుట్ట వద్ద నెలకొల్పిన క్వారంటైను ఆసుపత్రి తరువాత నల్లకుంటకు తరలినది. జనుల నోట ఆ పేరు ‘కోరంటి’ అయి నేటికిని నిలిచియున్నది. సైదాబాదునుండి మూసీ దాటినచో చేరువే.

జనాభా లెక్కలయందు మరణించినవారి జాడ తెలియును గాని, జ్వరము తగ్గి మంచము దిగిన పిదప నరములు చెడినవారి జాడ తెలియదు. అట్టి వ్యాధి నొకదానిని 1917లో వియన్నాలో ఫాన్ ఎకనమో అను వైద్యుడు వర్ణించెను. రోగి అన్నము నములుచునే నిద్రలోనికి జారును. కొందరు మరణించిరి, లేచినవారిలో అనేకులు కొన్నియేండ్లకు కంపవాతమున కట్టెలవలె బిగిసిపోయిరి. (ఆఫ్రికాలో ఈగకాటువలన వచ్చు నిద్రజాడ్యము వేరు.)

ఇన్‌ఫ్లూయెంజాయే దీనికి మూలమని ఆ కాలమున పెక్కుమంది తలచిరి. మాకు ఆ మాట అంత సులభముగా మ్రింగుడుపడదు. ఎకనమో తొలి రోగులను చూచినది మహాజ్వరమునకు ముందే. దాచియుంచిన మెదడు భాగములను తరువాత పరీక్షించినపుడు ఆ వైరసు జాడ కానరాలేదు. 1930 ప్రాంతమున వ్యాధి వచ్చినట్లే మాయమయ్యెను.

1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అనువారు మన దూలగొండి గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును వేరుచేసిరి. తాకిన దురద పుట్టించు ఆ దూలగొండియే! ఆ పదార్థమునే మందుగా 1969లో న్యూయార్కున ఆలివర్ సాక్స్ ఈయగా, దశాబ్దములు కదలని ఆ రోగులు లేచి నడిచిరి. ఆ మేలు చాలమందికి నిలువలేదు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ రోగి బయల్పడెను. ఈసారి వైద్యులు ఊపిరితిత్తులతోపాటు నరములను కూడ గమనించిరి. వాసన తెలియకుండుట, పక్షవాతము, అరుదుగా గియాన్-బారే వ్యాధి కానవచ్చెను. ఈ కడపటిదానిని 1916లోనే ఫ్రెంచి వైద్యులు వర్ణించిరి. పడిశమో జ్వరమో తగ్గిన ఒకటి రెండు వారములకు, శరీర రక్షణబలము పొరపాటున తన నరములనే కొట్టగా, కాళ్లలో మొదలైన నిస్సత్తువ పైకి ప్రాకును. ఊపిరి కండరములకు చేరినచో ప్రాణాపాయము. జ్వరపు నీరసమని ఇంటనుంచక మొదటి దినములలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ గాని, ప్లాస్మా మార్పిడి గాని ఆరంభించినచో, చాలమంది మరల నడువగలుగుచున్నారు.