నాగార్జునకొండ లాంచీ యాత్ర

పల్నాడు జిల్లా విజయపురి సౌత్ రేవు నుంచి నాగార్జునసాగర్ జలాశయం మీదుగా నాగార్జునకొండ ద్వీపానికి సాగే జలయాత్ర. సుమారు 11 కి.మీ. దూరం. లాంచీ కింద మునిగి ఉన్నది క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన రాజధాని విజయపురి.

ఈ శిథిలాలను 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించారు. పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ 1927-31 మధ్య తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954-60 మధ్య తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలను ఇప్పుడు ద్వీపమైన కొండపైన, ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలిపింది. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట ముంచబోయిన అబూ సింబెల్ ఆలయాలను యునెస్కో తరలించింది 1964-68లో; మనవాళ్లు అంతకుముందే ఆ పనికి దిగారు. ఈ ఘనతకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

ద్వీపంలో తప్పక చూడాల్సింది మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం. ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా నడిమికి చేరతాయి. దీని పోషకురాలు ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. ఇక్కడ దొరికిన, బుద్ధుడిదిగా భావించే ధాతువు (అవశేషం) ఇప్పుడు సారనాథ్‌లో ఉంది. బుద్ధుడికంటే వెనకటి సంప్రదాయానికి చెందిన రాకాసి గుళ్లు, అంటే బృహత్ శిలాసమాధులు కూడా ఇక్కడికి తరలినవే. మెట్ల వరుసల రంగస్థలం అనుపులో ఉంది.

లాంచీలు నీటిమట్టాన్ని, వాతావరణాన్ని బట్టి నడుస్తాయి. ద్వీపంలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు.