ఐర్లండు టెన్నిసు: ఆలస్యముగా అందిన గౌరవము

టెన్నిసు అనగానే మన శ్రోతల మనస్సునకు తోచునది ఇంగ్లండులోని వింబుల్డన్ పచ్చిక. కాని ఆ పచ్చికమీద స్త్రీలకు చోటు దొరకుటకు ఐదు సంవత్సరములు ముందే, ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరమున స్త్రీల చాంపియన్‌షిప్పు జరిగినదని ఎరిగినవారు కొలదిమంది. ఒక చిన్న దేశము ఒక పెద్ద ఆటకు చేసిన మేలును, ఆ మేలు చేసినవారిని లోకము తలచుకొన్న తీరును ఈ ప్రసంగమున ముచ్చటింతము.

నేడు మనమెరిగిన పచ్చిక టెన్నిసుకు వయస్సు నూటయేబది సంవత్సరములకు కొంచెము పైమాట. 1874వ సంవత్సరమున ఇంగ్లండులో మేజర్ వింగ్‌ఫీల్డ్ ఈ ఆటకు పేటెంటు పొందెను. మూడేండ్లు గడచునప్పటికి, 1877లో, వింబుల్డన్‌లో మొదటి చాంపియన్‌షిప్పు జరిగినది. ఆ సంవత్సరముననే డబ్లిన్‌లో ఫిట్జ్‌విలియం పచ్చిక టెన్నిసు క్లబ్బు వెలసినది. 1879లో ఆ క్లబ్బువారు ఐర్లండు చాంపియన్‌షిప్పును ఆరంభించిరి. నలువైపుల ఎత్తైన ఇండ్లు గల ఫిట్జ్‌విలియం స్క్వేరు అను తోటలో పురుషుల పోటీలు బహిరంగముగా జరిగెను. స్త్రీల సింగిల్సును, స్త్రీపురుషులు జతగా ఆడు మిక్సెడ్ డబుల్సును మాత్రము క్లబ్బు ఆవరణలో, సభ్యులును వారి అతిథులును తప్ప ఇతరులు చూడకుండ జరిపిరి. కులీన స్త్రీలు పదిమంది యెదుట పరుగెత్తుట మర్యాద కాదని నాటివారు తలచిరి. ఆ కట్టుబాటు మాట యెట్లున్నను, స్త్రీలకొక చాంపియన్‌షిప్పు ఉండవలెనని ముందుగా తలచినవారు మాత్రము డబ్లిన్ వారే. వింబుల్డన్‌వారు 1884లో గాని స్త్రీల పోటీని ఏర్పరుపలేదు.

ఆ మొదటి సంవత్సరపు విజేత లిద్దరి కథలను ఒకదాని ప్రక్క ఒకటి ఉంచి చూడవలసియున్నది. పురుషులలో గెలిచినవాడు వాటర్‌ఫర్డ్‌లో పుట్టిన వీర్ గూల్డ్. ఆ యేడే వింబుల్డన్ అంతిమ పోటీవరకు పోయిన ఘనుడు. కాని 1907లో మాంటీకార్లోలో జరిగిన ఒక హత్యకేసున దోషియై, 1909లో డెవిల్స్ ద్వీపపు చెరలో మరణించెను. స్త్రీలలో గెలిచినది మే లాంగ్రిష్ అను పదునాలుగేండ్ల బాలిక. అంతిమ పోటీలో మొదటి సెట్టును 6-2గా గెలిచి, రెండవ సెట్టున ఒక్క గేమైనను దక్కక ఓడి, మూడవ సెట్టును 8-6గా గెలుచుకొనెను. తరువాత 1883లోను, 1886లోను తిరిగి విజేత యయ్యెను. గూల్డ్ పేరు పత్రికలలో పలుమారులు ప్రాకినది. ప్రపంచమున మొట్టమొదటి స్త్రీల చాంపియన్‌షిప్పు గెలిచిన ఆ బాలిక పేరు ఆట చరిత్రను శ్రద్ధగా చదివినవారికే తెలియును. కప్పుమీద పేరు చెక్కుట వేరు, ఆ పేరును తలచుకొనుట వేరు.

ఐర్లండు చాంపియన్‌షిప్పు ప్రతిష్ఠ ఆ రోజులలో వింబుల్డన్‌కు ఇంచుమించు సమానముగా నుండెను. ఇంగ్లండు వీరుడు విలియం రెన్షా సయితము సముద్రము దాటి వచ్చి, 1880 మొదలు మూడేండ్లు వరుసగా డబ్లిన్‌లో గెలిచెను. ఇట్టి చోట స్త్రీల సింగిల్సును తొమ్మిదిమారులు గెలుచుకొనినది లూయిసా మార్టిన్. 1892లో ఆమె లాటీ డాడ్‌ను ఓడించెను. లాటీ డాడ్ తన టెన్నిసు జీవితమంతటిలో ఓడినది ఐదేమారులు. అందులో కడపటి ఓటమి యిదియే. 1898లో లూయిసా వింబుల్డన్ అంతిమ పోటీ చేరి షార్లొట్ కూపర్ చేతిలో ఓడెను. ఆ ఒక్క గెలుపు తక్కువైనందున ఆమె పేరు వింబుల్డన్ విజేతల పట్టికలో కానరాదు.

ఇక 1890వ సంవత్సరము. ఐర్లండు టెన్నిసు చరిత్రలో అంతటి సంవత్సరము మరియొకటి లేదు. వింబుల్డన్ పురుషుల సింగిల్సున విల్లబీ హామిల్టన్, అప్పటికి ఏడుమారులు విజేతయైన విలియం రెన్షాను ఐదు సెట్ల పోరులో ఓడించెను. పురుషుల డబుల్సును జాషువా పిమ్, ఫ్రాంక్ స్టోకర్ గెలిచిరి. వీరిలో పిమ్ వైద్యుడు, స్టోకర్ దంతవైద్యుడు. స్టోకర్ రగ్బీ ఆటలోను ఐర్లండు జట్టున ఆడినవాడు. స్త్రీల సింగిల్సు లీనా రైస్‌కు దక్కినది.

లీనా రైస్ టిప్పరరీ మండలమున న్యూ ఇన్ అను పల్లెకు చెందినది. ఆమె 1866 జూన్ 21న జన్మించెను. ఇంటి తోటలోను, సమీపమున నున్న కాహిర్ క్లబ్బులోను ఆట నేర్చుకొనెను. 1889లో మొదటిమారు వింబుల్డన్‌కు పోయి, అంతిమ పోటీలో బ్లాంచ్ హిల్‌యార్డ్‌ను ఎదుర్కొనెను. మొదటి సెట్టు గెలిచి, రెండవ సెట్టున గెలుపునకు ఒక్క పాయింటు దూరమున మూడుమారులు నిలిచి, చివరకు ఓడిపోయెను. మరుసటియేడు తిరిగి వచ్చి, మే జాక్స్‌ను 6-4, 6-1గా ఓడించి చాంపియన్ అయ్యెను. ఆ యేడు స్త్రీల పోటీలో పాల్గొన్నవారు నలుగురే యని కొందరు ఈ గెలుపును చిన్నదిగా చూపుదురు. నలుగురే వచ్చిరన్న మాట నిజమే. కాని పాల్గొనకుండినవారి లోపమును పాల్గొన్నవారిపై మోపుట న్యాయము కాదు. పైగా నేలను తాకు పావడాతో, బిగువైన నడికట్టుతో, పూర్వపు సంవత్సరము చాంపియన్‌ను ఓటమి అంచుదాక తెచ్చిన ఆటగత్తె ఆమె. ఇంతవరకు వింబుల్డన్ సింగిల్సు గెలిచిన ఐర్లండు స్త్రీ ఆమె యొక్కతెయే. 1891లో ఆమె తన బిరుదును నిలుపుకొనుటకు రాలేదు. 1907 జూన్ 21న, తాను పుట్టిన దినముననే, 41 సంవత్సరముల వయస్సున క్షయవ్యాధితో మరణించెను.

ఈమెతో సరితూగు మరియొక స్త్రీ మేబెల్ కాహిల్. కిల్కెన్నీ మండలమున బాలీరాగెట్ ఆమె ఊరు. అట్లాంటిక్ దాటి అమెరికాకు పోయి, 1891లో ఆ దేశపు చాంపియన్‌షిప్పు గెలుచుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి విదేశీయురా లామెయే. మరుసటియేడు సింగిల్సును, డబుల్సును, మిక్సెడ్ డబుల్సును మూడింటిని గెలిచెను. 1892 అంతిమ పోటీలో ఎలిజబెత్ మూర్‌తో ఐదు సెట్లు ఆడవలసివచ్చినది. అనగా నేడు స్త్రీలు ఆడుదానికంటె రెండు సెట్లు అధికము. ఆమె టెన్నిసు గురించి వ్యాసములు వ్రాసెను, ఒక నవలయు వ్రాసెను. తరువాత ఆమె జాడ ఎవరికిని తెలియకపోయినది. 1905లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో, దిక్కులేని బీదలకై నెలకొల్పిన ఆశ్రయశాలలో, క్షయవ్యాధితోనే కన్నుమూసెను. అప్పటికి ఆమె వయస్సును 41 సంవత్సరములే. అమెరికాలోని అంతర్జాతీయ టెన్నిసు కీర్తిమందిరమున ఆమె పేరు చేర్చినది 1976లో. డెబ్బదియొక్క సంవత్సరములు ఆలస్యముగా అందిన గౌరవమది.

ఇంతటివారు ఇట్లు మరపున పడుటకు కారణమేమి? మొదటి కారణము నాటి ఆట తీరు. ఆట గెలుపునకు బిరుదు ఉండెను గాని జీవనము లేదు. ఆట మానిన దినమున ఆటగాడు మరల సాధారణ గృహస్థు. స్త్రీలకు అది మరింత నిజము. రెండవ కారణము దేశచరిత్రలో నున్నది. ఈ ఆట ఐర్లండులో భూస్వాముల తోటలలో పెరిగినది. 1884లో స్థాపితమైన గేలిక్ క్రీడాసంఘము దేశీయమైన ఆటలను ప్రోత్సహించి, రగ్బీ, క్రికెట్టు వంటి ఇంగ్లీషు ఆటలు ఆడరాదని తన సభ్యులకు విధించిన నిషేధమును 1971వరకు నిలిపినది. ఆ పట్టికలో టెన్నిసు లేకపోయినను, అదియు దొరల ఆటయే యను భావము జనులలో ఉండెను. మరొక ప్రక్క, 1922కు పూర్వము ఐర్లండు వేరు రాజ్యము కానందున, ఈ విజేతలను బ్రిటిషువారి లెక్కలో కలిపివేసిరి. ఇటు స్వదేశము దగ్గరకు తీయలేదు, అటు పరదేశము విడిగా చూపలేదు.

పురుషులకును ఈ చిక్కు తప్పలేదు. 1893, 1894లలో వింబుల్డన్ సింగిల్సు గెలిచిన డాక్టరు పిమ్, 1896లో గెలిచిన హెరాల్డ్ మహొనీ, 1912లో మెల్‌బోర్న్ నగరమున నార్మన్ బ్రూక్స్‌ను ఓడించి డేవిస్ కప్పును తెచ్చుటకు తోడ్పడిన జేమ్స్ పార్క్, అందరును బ్రిటిషు దీవుల పేరుననే ఆడిరి. ఐర్లండు తన సొంత పేరుతో డేవిస్ కప్పున ప్రవేశించినది 1923లో. ఆ మొదటి పోటీ భారత జట్టుతోనే జరిగినది. 1983లో అగ్రశ్రేణికి ఎక్కి, డబ్లిన్‌లో మెకన్రో ఆడిన అమెరికా జట్టుతో తలపడినది. 2011లో కానర్ నైలండ్ వింబుల్డన్ ప్రధాన పోటీలో స్థానము సంపాదించి, ఐదవ సెట్టున ముందంజలో నుండియు ఓడెను. ఆయన 2024లో ప్రకటించిన గ్రంథమున, పైమెట్టు అందని ఆటగాని బ్రతుకును దాపరికము లేకుండ చెప్పెను. అదియు ఆటకు చేసిన సేవయే.

కావున ఆటకు నిలిచిపోవు మేలు చేసినవారిని గౌరవించుట యనగా కప్పులు లెక్కించుట మాత్రమే కాదు. డబ్లిన్‌లో 1879ననే స్త్రీల చాంపియన్‌షిప్పును ఆరంభించిన ఆ క్లబ్బులోనే స్త్రీలకు పూర్తి సభ్యత్వము 1990ల నడుమవరకు దొరకలేదు. మే లాంగ్రిష్ ఆడిన నూరేండ్లకు పిమ్మట సయితము ఆ తలుపు సగమే తెరచియుండెను. నేడది పూర్తిగా తెరచుకొన్నది. ఆ వాకిట రాకెట్టు చేతబట్టి ప్రవేశించు బాలికకు ఎవరైన ఒకరు మే లాంగ్రిష్, లూయిసా మార్టిన్, లీనా రైస్, మేబెల్ కాహిల్ అను నాలుగు పేర్లు చెప్పుదురేని, ఆలస్యమైనను ఆ గౌరవము చేరవలసినచోటికి చేరినట్లే.