చెరకు దీవిలో ఒక పెద్ద చెవి



మీరు ఇప్పుడు వింటున్న రేడియో సెట్టుతోనే మొదలుపెడదాం. ఎఫ్.ఎం. బ్యాండులో ఒక స్టేషనుకూ ఇంకో స్టేషనుకూ నడుమ ముల్లు నిలిపితే బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. మనం చిరాకుపడి ముల్లు తిప్పేస్తాం. ఆ బుసలో సెట్టు లోపలి శబ్దం కొంత, ఊళ్ళోని మోటార్లూ కరెంటు తీగలూ చేసే శబ్దం కొంత ఉంటుంది. కానీ అందులో ఒక చిన్న పాలు ఈ భూమిది కాదు. అది రాత్రిపూట మన తలమీద తెల్లగా పరుచుకునే పాలపుంత నుంచి వస్తున్నది.

ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు ఖగోళ పండితుడు కాదు. అమెరికాలో టెలిఫోను కంపెనీకి పనిచేసే కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరు. సముద్రం దాటే రేడియో టెలిఫోనుకు అడ్డు తగిలే గరగర ఎక్కడినుంచి వస్తున్నదో చూడమని కంపెనీ ఆయనకు పని అప్పగించింది. ఉరుముల వల్ల వచ్చేది తీసేసినా ఒక సన్నని బుస మిగిలింది. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుగా హెచ్చుతూ వచ్చింది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయించేవి నక్షత్రాలే కదా! అలా 1933లో ఆయన ఈ శబ్దం పాలపుంతదని లోకానికి చెప్పాడు. 1937లో గ్రోట్ రీబర్ అనే మరో ఇంజనీరు తన ఇంటి పెరట్లో సొంత డబ్బుతో తొమ్మిదిన్నర మీటర్ల గిన్నె యాంటెన్నా కట్టుకుని ఆకాశాన్ని వినసాగాడు. రేడియో ఖగోళశాస్త్రం అంత చిన్నగా, ఒక పెరట్లో మొలకెత్తిన శాస్త్రం.

ఇది నేను గురుబరపల్లి దగ్గరి పిల్లలకు ఒకసారి పాఠంగా చెప్పాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "అదంతా పెద్ద దేశాలోళ్ళ పని కదా సార్, మనకేల?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాట ఆ పిల్లది కాదు. మనం పెద్దవాళ్ళం ఇళ్ళల్లో, బస్సుల్లో, బడి వరండాల్లో రోజూ అనే మాటే అది. ఆ రోజు గంట కొట్టేశారు. జవాబు చెప్పకుండానే బయటికి వచ్చాను. ఈ రోజు ఆ జవాబు చెబుదామని మీ ముందుకు వచ్చాను.

ముందుగా మన రాష్ట్రం సంగతే చూడండి. ఇక్కడినుంచి సేలం, మేట్టుపాళయం మీదుగా కొండ ఎక్కితే ఊటీ. అక్కడ ముత్తొరై అనే చోట 1970లో ఒక రేడియో టెలిస్కోపు పూర్తయింది. పొడవు 530 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. దాన్ని కట్టించినవారు గోవింద్ స్వరూప్ గారు. ఆయన 1929లో పుట్టి 2020లో కాలం చేశారు. యువకుడుగా ఉన్నప్పుడు ఆస్ట్రేలియాలో పనిచేస్తూ, అక్కడివారు పక్కన పెట్టేయబోతున్న ఆరడుగుల డిష్‌లు 32 మన దేశానికి ఇప్పించమని అడిగారు. వారు కానుకగా ఇచ్చారు. ఆ డిష్‌లతోనే 1965లో బొంబాయి దగ్గర కల్యాణ్‌లో సూర్యుణ్ణి వినే మొదటి వరుస నిలబడింది. ఒకరింట్లో పాతబడిన సామాను ఇంకొకరింట్లో తొలి పనిముట్టు కావడం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు కదా.

ఊటీలో ఆయన చేసిన యుక్తి ఇంకా గొప్పది. భూమి తన ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు తూర్పునుంచి పడమటికి కదులుతున్నట్టు కనిపిస్తాయి. టెలిస్కోపును భూమి ఇరుసుకు సమాంతరంగా పెడితే, ఒక్క వైపు తిప్పితే చాలు, నక్షత్రం వెంట పోవచ్చు. ఊటీ ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 11 డిగ్రీల దూరాన. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా సరిగ్గా 11 డిగ్రీల వాలు ఉన్న కొండను వెతికి, ఆ వాలు మీదే టెలిస్కోపును పరిచారు. ప్రకృతి ఇచ్చిన కొండవాలే ఖరీదైన యంత్రం చేయాల్సిన పనిలో సగం చేసి పెట్టింది. అద్దంలాంటి రేకుకు బదులు 1,100 సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు లాగి కట్టారు. రేడియో అలల పొడవు అక్కడ దాదాపు ఒక మీటరు. అంత పొడవైన అలకు తీగల నడుమ సందులు కనిపించవు. చేపల వలలోంచి నీళ్ళు పోతాయి గాని చేప పోదు. అలాగే ఇక్కడ గాలి పోతుంది గాని అల పోదు.

ఇప్పుడు ఉత్తరానికి వెళదాం. హోసూరు నుంచి బెంగళూరు దాటి, దొడ్డబళ్ళాపురం మీదుగా పోతే గౌరీబిదనూరు. దానికి పక్కనే మన హిందూపురం. మనలాగే రెండు భాషల సరిహద్దు, రాగి ముద్ద తినే నేల. అక్కడ 1976 ప్రాంతంలో బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి ఇంకో టెలిస్కోపు నిలబెట్టాయి. ఆ పనిలో సిహెచ్. వి. శాస్త్రి గారిది ముఖ్యమైన పాత్ర. అది చూస్తే టెలిస్కోపు అనిపించదు. పొలంలో బట్టలు ఆరేసే దండేల్లాగా వెయ్యి డైపోల్ యాంటెన్నాలు, పెద్ద ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో ఉంటాయి. తూర్పు పడమరలుగా సుమారు 1.4 కిలోమీటర్లు, దక్షిణంగా దాదాపు అర కిలోమీటరు. అది వినే అల పొడవు సుమారు 8.7 మీటర్లు. అంత పెద్ద అలను వినడానికి తళతళలాడే గిన్నె అక్కరలేదు. తీగా, స్తంభమూ, లెక్కా సరిగ్గా ఉంటే చాలు. ఆ వెయ్యి తీగలతో మన శాస్త్రజ్ఞులు వినగలిగినంత ఆకాశానికి ఒక పటం తయారుచేసి 1990లో ప్రకటించారు. అదే ఆవరణలో 1997నుంచి సూర్యుణ్ణి రోజూ గమనించే మరో యాంటెన్నాల వరుస కూడా పనిచేస్తున్నది.

"ఇండియా చిన్న దేశం కాదు కదా, డబ్బు లేకపోయినా మనుషులున్నారు" అని మీరు అనవచ్చు. న్యాయమే. అందుకే ఇప్పుడు మిమ్మల్ని సముద్రం దాటించి నిజంగా చిన్న దేశానికి తీసుకుపోతాను. దాని పేరు మారిషస్. మన కృష్ణగిరి జిల్లా విస్తీర్ణం ఐదు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఆ దేశం మొత్తం కలిపితే సుమారు రెండు వేలు. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లా జనం 18 లక్షలు దాటారు. ఆ దేశపు జనం 12 లక్షల పైచిలుకు. అంటే మన జిల్లాకంటే చిన్న దేశం. 1968లో స్వతంత్రం వచ్చింది. చాలాకాలం చెరకే దాని బతుకు.

ఆ చెరకు తోటల్లోకి 19వ శతాబ్దంలో ఓడలెక్కి పోయిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి అక్కడ వాళ్ళకు కోరంగివాళ్ళు అనే పేరు నిలిచిపోయింది. ఆ దేశంలో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. వీధిలో ఒక భాష, బడిలో ఇంకో భాష, పూజగదిలో తెలుగు. ఈ బతుకు ఎలా ఉంటుందో మన సరిహద్దు మనుషులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ దీవికి ఈశాన్యాన బ్రా దో అనే చోట 1992లో ఒక రేడియో టెలిస్కోపు పని మొదలుపెట్టింది. మారిషస్ విశ్వవిద్యాలయమూ, గౌరీబిదనూరు టెలిస్కోపు కట్టిన ఆ రెండు బెంగళూరు సంస్థలూ కలిసి దాన్ని నిర్మించాయి. మన పొరుగున నేర్చుకున్న విద్య ఓడ దాటి అక్కడికి పోయిందన్నమాట. వందేళ్ళకు పైబడి కిందట చేతులు మాత్రమే పోయిన దారిలో ఈసారి చదువు పోయింది.

ఆ దీవినే ఎందుకు ఎంచుకున్నారు? ఉత్తర దేశాలవారు తమ తలమీది ఆకాశానికి మంచి పటాలు గీసుకున్నారు. దక్షిణపు ఆకాశం వాళ్ళకు కనిపించదు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల దగ్గర ఉంది. పాలపుంత నడిబొడ్డు అక్కడ దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. అంటే ఆ చిన్న దేశం దగ్గర డబ్బు లేకపోయినా, పెద్ద దేశాల దగ్గర లేని ఒక ఆస్తి ఉంది. అది ఉన్న చోటు.

ఇక కట్టిన తీరు వినండి. తూర్పు పడమరలుగా 2,048 మీటర్ల పొడవున 1,024 యాంటెన్నాలు, రెండేసి మీటర్లకు ఒకటి. ఒక్కొక్కటీ పెద్ద స్ప్రింగులాగా చుట్టినది. దక్షిణపు ఆకాశం బాగా అందాలని వాటిని 20 డిగ్రీలు దక్షిణానికి వంచి పెట్టారు. దక్షిణంగా 880 మీటర్ల చేయి ఉండాలి. దాని నిండా యాంటెన్నాలు నాటాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని రైలు పట్టాలు పరిచి, వాటిమీద ట్రాలీలు పెట్టి, ఒక్కో ట్రాలీకి నాలుగేసి యాంటెన్నాలు బిగించారు. ఈ రోజు ఇక్కడ విని రాసుకుంటారు. రేపు ట్రాలీలను ఇంకాస్త ముందుకు తోసి మళ్ళీ అదే ఆకాశాన్ని వింటారు. ఆకాశం ఎక్కడికీ పారిపోదు, రోజూ తిరిగి వస్తుంది. అన్ని రోజుల లెక్కలనూ కంప్యూటరులో కలిపితే, పట్టాల పొడవునా యాంటెన్నాలు ఉన్నట్టే పటం వస్తుంది. పదెకరాలు దున్నడానికి పది జతల ఎద్దులు కావాలని ఏ రైతూ అనడు. ఒక్క జతతో చాలు వెంట చాలు వేస్తాడు. పొద్దులు ఎక్కువ పడతాయి, అంతే. అక్కడి నేల చదునుగా కూడా లేదు. ఆ ఎగుడుదిగుళ్ళను చదును చేసే ఖర్చుకు బదులు చాలావరకు లెక్కలోనే సరిచేశారు.

ఇలా దక్షిణాకాశంలో విశాలమైన భాగానికి పటం తయారైంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ యాంటెన్నాల మధ్య తిరిగి, ఆ లెక్కలు కట్టి, ఆ దీవి పిల్లలే పరిశోధకులై డాక్టరేట్లు సంపాదించుకున్నారు. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఇప్పుడు కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ అరే అనే మహా టెలిస్కోపుకు తోడుగా నిలిచిన ఆఫ్రికా దేశాల్లో మారిషస్ కూడా ఒకటి. అదే పథకంలో మన దేశం పాల్గొనడానికి 2024 మొదట్లో కేంద్ర ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఇక్కడ మీలో ఒకరు, "సార్, తాగే నీళ్ళకు బిందెల వరుస ఉన్నచోట ఆకాశం వినడం ఎందుకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయను. నీళ్ళే ముందు. కానీ బోరుబావి ఎక్కడ వేయాలో చెప్పే భూగర్భ పరీక్షకూ, వాన కబురు చెప్పే రాడారుకూ, చేతిలోని ఫోనుకూ కావలసిన చదువు ఇలాంటి చదువుకు తోబుట్టువే. సన్నని సంకేతాన్ని గరగరలోంచి వేరు చేయడం ఒకసారి నేర్చుకున్న పిల్ల దాన్ని ఏ పనికైనా వాడుకోగలదు. టెలిస్కోపు ఒకనాటికి తుప్పు పడుతుంది. నేర్చుకున్న చేయి తుప్పు పట్టదు.

ఇప్పుడు ఆ అమ్మాయికి నా జవాబు. అమ్మా, అది పెద్ద దేశాల పని మాత్రమే కాదు. ఊటీవాళ్ళకు కొండవాలు కలిసొచ్చింది. గౌరీబిదనూరువాళ్ళు తీగలతో పని జరుపుకున్నారు. మారిషస్‌వాళ్ళు ఉన్న చోటునే ఆస్తి చేసుకున్నారు. ముగ్గురూ ముందు అడిగినది "మన దగ్గర ఏం లేదు?" అని కాదు, "మన దగ్గర ఏముంది?" అని. మన దగ్గర ఏముంది? రెండు భాషలు వచ్చిన పిల్లలున్నారు. తమిళంలో అడిగి తెలుగులో ఆలోచించగలిగినవాళ్ళు. దాన్ని మనమే కొరత అనుకుంటున్నాం.

శ్రోతలారా, ఈ రాత్రి కరెంటు పోతే విసుక్కోకుండా పిల్లల్ని మిద్దె మీదికి తీసుకుపోండి. దక్షిణం వైపు పాలపుంత కనిపిస్తే చూపించండి. రేడియో ముల్లు రెండు స్టేషన్ల నడుమ నిలిపి ఆ బుస కూడా వినిపించండి. ఇందులో కొంచెం అక్కడినుంచి వస్తున్నదని చెప్పండి. "మనకేల?" అని పిల్లలు అడిగితే ఈసారి నవ్వకండి. కూర్చోబెట్టి జవాబు చెప్పండి.

సెలవు. నమస్కారం.